పింఛను మీద బ్రతికి చూపు పంచిన డాక్టరు గారు



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి నాలుగు మాటలు వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. నేను రచయితను కాను. నందిగామ తాలూకా కచేరీలోనూ, మండలాలు వచ్చిన తర్వాత జగ్గయ్యపేట ప్రాంతంలోనూ అడంగళ్ళు, జమాబందీ లెక్కలు వ్రాసి 2008లో 58 ఏళ్ళకు ఇంటికి వచ్చిన గుమాస్తాను. అందుచేత పెద్ద పెద్ద నాయకుల జోలికి పోకుండా, మనలాగే సర్కారు నౌకరీ చేసి, మనలాగే 58 ఏళ్ళకు రిటైరై, మనలాగే నెలనెలా పింఛను తీసుకున్న ఒక పెద్దమనిషి గురించి వ్రాస్తున్నాను. ఆయన పేరు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపకులు. ఆయన కన్నుమూసి ఇరవై ఏళ్ళయింది. నేను ఆయన్ను చూడలేదు. కానీ నా కుడికన్ను ఈ రోజు ఈ అక్షరాలు చూస్తున్నదంటే అందులో ఆయన పాలు కొంత ఉన్నది. ముందు ఆ సంగతి చెప్పాలి.

రిటైరైన కొద్ది సంవత్సరాలకు నా కుడికంటి వెంట నీరు కారడం మొదలైంది. ఎండలోకి పోయినా, గాలి తగిలినా, ఏమీ లేకపోయినా నీరే. తెల్లవారేసరికి పుసులు కట్టి రెప్పలు అంటుకునేవి. భుజాన తువ్వాలుతో తుడుచుకోవడమే గాని వైద్యం చేయించుకోలేదు. తర్వాత శుక్లం ముదిరింది. 2019లో నందిగామలో కంటి శిబిరం పెట్టారంటే మా ఆవిడ బలవంతాన పంపింది. అక్కడ ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె వరుసగా అందరినీ అడుగుతున్నది. తాతగారూ, కంట్లో నీరు కారుతుందా, పుసి పడుతుందా అని నన్నూ అడిగింది. లేదన్నాను. ఉన్నదంటే వెనక్కి పంపుతారేమోనని భయం. ఆమె నా మాట వ్రాసుకున్నది గాని నమ్మి ఊరుకోలేదు. కంట్లో మందు చుక్క వేసి, మొండి సూది ఉన్న పిచికారీతో క్రిందిరెప్ప మూలన ఉండే రంధ్రంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించింది. గొంతులోకి నీళ్ళు వచ్చాయా అని అడిగింది. రాలేదు. ఎక్కించిన నీళ్ళన్నీ పైరంధ్రం గుండా చీముతో సహా నా చెంప మీదికి తిరిగి వచ్చాయి. ఈ రోజు ఆపరేషను లేదు తాతగారూ అని నా కాగితం ప్రక్కన పెట్టేసింది.

నాకు కోపం వచ్చింది. నలుగురిలో ఆ పిల్లను కేకలేశాను. అప్పుడు శిబిరం డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి, ఈ పరీక్ష చేయకుండా ఎవరికీ శుక్లం ఆపరేషను చేయరాదని తాను మదురైలో శిక్షణకు పోయినప్పుడు నేర్చుకున్నానని, అక్కడ డబ్బిచ్చే రోగికీ ఉచితంగా వచ్చే రోగికీ ఇది ఒకే తీరుగా జరుగుతుందని నిదానంగా చెప్పారు. ఆ మదురై పెద్దాయన ఎవరో తెలుసుకోవాలని అప్పుడే నాకు మొదట బుద్ధి పుట్టింది.

వెంకటస్వామి గారు 1918 అక్టోబరు 1వ తేదీన తమిళదేశంలో ఎట్టయపురం దగ్గర అయన్ వడమలాపురం అనే పల్లెలో పుట్టారు. మన నందిగామ, జగ్గయ్యపేట మెట్టలాగే అదీ నల్లరేగడి నేల. పత్తి పండే ప్రాంతం. నాయకరాజుల కాలంనాటినుంచి తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడి పల్లెల్లో ఎన్నో ఉన్నవి. తండ్రి గోవిందప్ప గారు వ్యవసాయదారు. అయిదుగురు పిల్లల్లో ఈయన పెద్దవారు. ఊరి బడిలో కాగితం, పెన్సిలు లేవు. పిల్లలు ఏటి ఇసుక తెచ్చి పరచుకొని వేలితో అక్షరాలు దిద్దేవారు. పై చదువుకు మైళ్ళకొద్దీ నడక.

ఆయన చిన్నతనంలోనే దగ్గరి బంధువుల ఆడపిల్లలు ముగ్గురు కాన్పు కష్టాలతో చనిపోయారు. ఊళ్ళో వైద్యుడు లేడు. తాను పెద్దయి కాన్పుల డాక్టరు కావాలని ఆ పిల్లవాడు అప్పుడే అనుకున్నాడు. మదురై అమెరికన్ కాలేజీలో రసాయనశాస్త్రం బి.ఏ. చదివి, మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చేరి 1944లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. తర్వాత సైన్యంలో వైద్యుడుగా చేరారు.

అక్కడ ఆయన నొసటి వ్రాత మారిపోయింది. ముప్పై ఏళ్ళ వయసులో తీవ్రమైన కీళ్ళవాతం పట్టుకున్నది. 1948లో సైన్యం నుంచి పంపివేశారు. ఏడాదికి పైగా మంచం దిగలేదు. నిలబడలేడు, నడవలేడు, కలం పట్టలేడు. చేతివేళ్ళు వంకర్లు తిరిగి గట్టిపడిపోయినవి. జీవితాంతం అవి అలాగే ఉన్నవి. కాన్పులు చేయాలంటే చేతుల్లో బలం కావాలి. ఆ ఆశ అంతటితో పోయింది.

లేచి తిరగగలిగిన తర్వాత మళ్ళీ చదువు మొదలుపెట్టి కంటివైద్యం తీసుకున్నారు. 1951లో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. పూర్తిచేశారు. కంటి ఆపరేషను అంటే వెంట్రుకవాసి పని. వంకర వేళ్ళతో కత్తి పట్టడం ఎలాగో ఓపికగా నేర్చుకున్నారు. తన చేతికి అనువుగా పనిముట్లు చేయించుకున్నారు. అటువంటి చేతులతో ఆయన తన జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారంటే నమ్మశక్యంగా లేదు, కానీ నిజం. ఒక్కరోజులో వంద చేసిన రోజులున్నవట. మోకాళ్ళు నొస్తున్నవని కరెంటు బిల్లు కట్టడానికి కూడా మనుమణ్ణి పంపే నాబోటివాడికి ఇది చదివినప్పుడు సిగ్గు వేసింది.

1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటివిభాగం అధిపతి అయ్యారు. అక్కడి ఎర్‌స్కిన్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు పనిచేశారు. రోగులు ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే పల్లెకు పోవాలని ఊరూరా కంటి శిబిరాలు నడిపారు. చూపు తెచ్చుకోలేనివారికి పునరావాస కేంద్రం పెట్టించారు. కంటి సహాయకులకు శిక్షణ మొదలుపెట్టారు. 1973లో పద్మశ్రీ వచ్చింది. ఇంగ్లాండుకు చెందిన సర్ జాన్ విల్సన్ గారు స్వయంగా అంధులు, అంధుల సేవకు ప్రపంచమంతా తిరిగినవారు. ఆయనతో కలిసి మన ప్రభుత్వ పెద్దలకు నచ్చజెప్పినవారిలో వెంకటస్వామి గారు ఒకరు. 1976లో దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం మొదలైంది.

సరిగ్గా ఆ 1976లోనే ఆయనకు రిటైర్మెంటు వచ్చింది. సభ్యులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. మన రాష్ట్రంలో 1983లో వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు రాత్రికిరాత్రి ఇంటికి వచ్చిన పెద్దలు మన సంఘంలో ఉండేవారు. తర్వాత మళ్ళీ 58 అయింది, 2014లో 60, 2022లో 62 అయింది. ఎన్నిసార్లు మారినా, ఆ చివరిరోజు పూలదండతో ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు గుండెలో కలిగే ఖాళీ మనందరికీ ఒకటే. వెంకటస్వామి గారికి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. చేతులు వంకర. కావలసినంత పేరు వచ్చింది. ఇక చాలనుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆయన మాత్రం ఆ సంవత్సరమే మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో కంటి ఆసుపత్రి తెరిచారు. తాను భక్తితో కొలిచే అరవిందుల పేరు దానికి పెట్టారు. బ్యాంకు అప్పులు దొరకలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లో ఆడవారు నగలు తాకట్టుకు ఇచ్చారు. చెల్లెలు నాచ్చియార్ గారు, ఆమె భర్త నంపెరుమాళ్ స్వామి గారు ఇద్దరూ కంటి డాక్టర్లే. వాళ్ళూ ఆయన వెంట నడిచారు. తమ్ముడు శ్రీనివాసన్ గారు లెక్కలు, కట్టడం పని చూశారు. డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క అంతస్తు లేపుకుంటూ పోయారు. ఇవ్వగలిగినవారు ఇచ్చిన రుసుముతో ఇవ్వలేనివారికి ఉచితంగా చేయాలన్నది ఏర్పాటు. అదే డాక్టర్లు ఇక్కడా అక్కడా మారుతూ పనిచేస్తారు. గది తేడా ఉంటుంది, మంచం తేడా ఉంటుంది, ఆపరేషనులో తేడా ఉండదు.

మొదట్లో శిబిరాల్లో పరీక్షచేసి ఉచితంగా ఆపరేషను చేస్తామన్నా చాలామంది వచ్చేవారు కారు. ఎందుకు రారో విచారిస్తే బస్సు ఛార్జీ లేదు, అక్కడ తిండి ఎలా, ఒక రోజు కూలి పోతుంది అనే కారణాలు బయటపడినవి. అప్పటినుంచి శిబిరం నుంచే బస్సులో తీసుకుపోయి, అన్నం పెట్టి, ఆపరేషను చేసి, మళ్ళీ ఊళ్ళో దింపడం మొదలుపెట్టారు.

ఆపరేషను గదిలో కూడా ఆయన పద్ధతి వేరు. డాక్టరు ఒక బల్ల దగ్గర పని ముగించేసరికి ప్రక్కబల్ల మీద ఇంకొక రోగి సిద్ధంగా ఉంటాడు. డాక్టరు చేయవలసిన పని మాత్రమే డాక్టరు చేస్తాడు. మిగిలినదంతా శిక్షణ పొందిన అమ్మాయిలు చూసుకుంటారు. వీరు పల్లెటూళ్ళ నుంచి హైస్కూలు చదువు ముగించి వచ్చిన రైతుకూలీల బిడ్డలు. రెండేళ్ళు నేర్పుతారు. చూపు పరీక్ష, రక్తపోటు, కంటి ఒత్తిడి, చివరకు కన్నీటి నాళం పరీక్ష, అన్నీ వాళ్ళ చేతిమీదే జరుగుతవి. నందిగామ శిబిరంలో నేను కేకలేసిన పిల్లదీ అదే పని.

ఈ కన్నీటి నాళం సంగతి డాక్టరు గారు నాకు చెప్పినది చెప్పినట్లు వ్రాస్తున్నాను. కంట్లో ఊరే నీరు రెప్పల మూలన, ముక్కు ప్రక్కన ఉండే సూదిమొనంత రంధ్రాల గుండా ఒక చిన్న సంచిలోకి చేరుతుంది. అక్కడినుంచి సన్నని గొట్టం ద్వారా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారేది అందుకే. ఆ గొట్టం పూడుకుపోతే, తూము పూడిన చెరువు కట్టమీదుగా పొర్లినట్లు నీరు చెంపమీదికి వస్తుంది. నిలిచిన నీటిలో క్రిములు చేరి సంచిలో చీము పడుతుంది. ఆ చీము ఉండగా శుక్లం ఆపరేషనుకు కన్ను కోస్తే క్రిములు కంటిలోపలికి పోవచ్చు. పోతే రెండుమూడు రోజుల్లో కన్నే పోవచ్చు.

ఈ చివరి మాట విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. 1978లో మా అమ్మకు ఒక శిబిరంలో శుక్లం తీయించాను. ఆమెకు ఎడమకన్ను ఎప్పుడూ కారుతూనే ఉండేది. పొయ్యి పొగకు అలవాటేలే అనుకునేవాళ్ళం. అక్కడ వ్రాసుకునే ఆయన కంట్లో నీరు, పుసి ఉన్నదా అని అడిగితే మా అమ్మ నోరు తెరిచేలోపల నేనే లేదని చెప్పాను. సెలవు రెండు రోజులే ఉన్నది, మళ్ళీ తిప్పుతారేమోనని తొందర. మూడోనాడు కన్ను చీము పట్టింది. అంతటితో ఆ కన్ను పోయింది. ఆమె మరి పదకొండేళ్ళు బ్రతికి, ఒక్క కంటితోనే నా పిల్లలను పెంచింది. ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు. దానికి కారణం ఆ చీమేనా, మరొకటా, ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. నలభై ఏళ్ళ తర్వాత నా కంటికీ నేను అదే అబద్ధం చెప్పాను. తేడా ఒక్కటే. ఈసారి నా మాట మీద ఆధారపడని పద్ధతి ఒకటి ఉన్నది. రోగి భయపడి దాస్తాడని, పేదవాడు తొందరలో ఉంటాడని తెలిసి, అందరికీ పిచికారీ పట్టాలనే నియమం ఉన్నది. వెంకటస్వామి గారి గొప్పతనం నాకు ఆ లక్ష ఆపరేషన్లలో కంటె ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది.

నాకు రెండునెలల తర్వాత విజయవాడలో నాళం ఆపరేషను జరిగింది. ముక్కు ప్రక్కన కోసి, అక్కడి ఎముకలో చిన్న కిటికీ తెరిచి, కన్నీటి సంచిని నేరుగా ముక్కు లోపలికి కలుపుతారు. 1904లో ఇటలీలో ఫ్లారెన్సు నగరపు టోటి అనే డాక్టరు ఈ పద్ధతిని ప్రకటించాడు. ఇప్పుడు బయట కోత లేకుండా ముక్కులోనుంచే దుర్బిణీతో చేసేవారూ ఉన్నారు. వయసు మరీ పైబడినవారికి కొందరికి సంచినే తీసివేస్తారు. అప్పుడు చీము బాధ పోతుంది గాని నీరు కారడం మిగులుతుంది. నాకు మత్తు ఆ ప్రక్కకు మాత్రమే ఇచ్చారు. ఎముక దగ్గర పని చేస్తున్నప్పుడు కరకర శబ్దం వినబడింది. నొప్పి లేదు. ఒకటి రెండు రోజులు ముక్కులో కాస్త నెత్తురు. కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదవద్దన్నారు. గాయం మానిన తర్వాత మళ్ళీ పిచికారీ పట్టారు. ఈసారి గొంతులో ఉప్పగా తగిలింది. ఆ తర్వాతనే శుక్లం తీశారు.

వెంకటస్వామి గారి కథ ముగిస్తాను. 1981 నాటికి మదురైలో పెద్ద ఆసుపత్రి లేచింది. తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరిలలో శాఖలు వచ్చినవి. మనలో పెద్దలకు సోడాబుడ్డి కళ్ళద్దాలు గుర్తుండే ఉంటవి. శుక్లం తీసిన తర్వాత ఆ అద్దాలు లేకుంటే చూపు లేదు. కంటిలోపల అమర్చే కటకం విదేశాల నుంచి రావాలి, ఖరీదు పేదవానికి అందదు. 1992లో అరోల్యాబ్ అనే సంస్థ పెట్టి ఆ కటకాలను మదురైలోనే చవకగా తయారు చేయించారు. అవి తర్వాత ఎన్నో దేశాలకు పోయినవి. పద్ధతులు నేర్చుకోవడానికి దేశవిదేశాల డాక్టర్లు మదురై వచ్చారు. ఆయన దేనినీ దాచుకోలేదు.

ఇంత చేసి, ఆ ఆసుపత్రి నుంచి ఆయన జీతం తీసుకోలేదు. తమ్ముడి కుటుంబంతో ఉంటూ ప్రభుత్వం ఇచ్చే పింఛను మీదనే గడిపారు. పింఛను భిక్ష కాదు, చేసిన సేవకు హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చిన రోజునే మనం పండుగ చేసుకుంటున్నాము. ఆ హక్కును ఆయన ఇంకొక ముప్పై ఏళ్ళ సేవకు ఆధారం చేసుకున్నారు. 2006 జూలై 7న, 87వ ఏట, మదురైలో కన్నుమూశారు. 2019లో తిరుపతిలో కూడా అరవింద్ కంటి ఆసుపత్రి వచ్చింది. మన తెలుగునేల మీద ఆయన పని అలా మిగిలింది.

మనవి ఒకటి. కంట్లో నీరు కారుతూ పుసులు పడుతుంటే, ముక్కు ప్రక్కన నొక్కితే చీము వస్తుంటే దాచవద్దు. ముఖ్యంగా ఇంట్లో ఆడవారిని అడగండి, ఈ జబ్బు వారికే ఎక్కువ, చెప్పుకునేది తక్కువ. పసిపిల్లలకు పుట్టుకతో నీరు కారుతుంటే కంగారు పడవద్దు. డాక్టరు చూపిన తీరులో ముక్కు ప్రక్కన వేలితో మర్దన చేస్తే ఏడాది లోపల చాలామందికి అదే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే సన్నని కడ్డీతో తెరుస్తారు. శుక్లం ఆపరేషనుకు పోయినప్పుడు పిచికారీ పరీక్ష చేయకపోతే చేయమని మీరే అడగండి.

ఆ తర్వాత ఏడాది నందిగామలో మళ్ళీ శిబిరం పెట్టినప్పుడు వెళ్ళాను. ఆ అమ్మాయే ఉన్నది. కేకలేసినందుకు క్షమించమ్మా అన్నాను. ఆమెకు గుర్తు లేదు. నవ్వి, తాతగారూ ప్రక్కకు జరగండి, వరుస పెద్దదిగా ఉన్నది అని నా వెనకాల కూర్చున్న ముసలమ్మ కంటికి పిచికారీ పట్టింది. గొంతులోకి నీళ్ళు వచ్చాయా అవ్వా అని అడిగింది. వచ్చాయన్నది.